నైపాల్ లోయలో అయిదు నెలలు

ఇంగ్లండులో పల్లెటూరి కాపురం ఎలా ఉంటుందో మన పాఠకుల కోసం రాయమని సంపాదకులు అడిగి చాలా కాలమైంది. 2018లో మే నుంచి అక్టోబరు వరకు నేనూ, మా ఆవిడా అక్కడ ఉండి వచ్చాం. మా అబ్బాయి సాల్స్‌బరీలో డాక్టరు. ఆ పట్నానికి ఉత్తరాన, ఏవన్ నది వెంబడి పోయే సన్నని రోడ్డు మీద ఒక చిన్న పల్లెలో సగం ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. తిరిగొచ్చాక యాత్రాకథనం మొదలుపెట్టాను. పది పేజీలు రాసి చించేశాను. పచ్చిక, చర్చి, గులాబీలు, నిశ్శబ్దం. ఇవి రాయడానికి బరంపురం నుంచి అంత దూరం వెళ్లక్కరలేదు, గోడమీది కేలండరు చూసి రాసేయొచ్చు. అందుకని ఇప్పుడు రాస్తున్నది ఒక పుస్తకం గురించి. ఆ పుస్తకం పుట్టిన లోయలోనే కూర్చుని దాన్ని రెండోసారి చదివాను. మొదటిసారి ఏర్పడిన అభిప్రాయం నిలవలేదు.

వి.ఎస్. నైపాల్ రాసిన 'ది ఎనిగ్మా ఆఫ్ అరైవల్' 1987లో వచ్చింది. అయిదు భాగాల నవల అని ఆయనే దానికి పేరు పెట్టుకున్నాడు గానీ నవల అనడానికి కథ పెద్దగా లేదు. ట్రినిడాడ్‌కి కూలికి వెళ్లిన హిందూ కుటుంబాల సంతతిలో పుట్టినవాడు, 1950లో చదువుకి ఇంగ్లండు వచ్చినవాడు, ఇరవై ఏళ్ల తర్వాత బాగా అలసిపోయిన స్థితిలో, విల్ట్‌షైర్‌లో ఒక దివాణం ఆవరణలోని చిన్న ఇంట్లోకి అద్దెకు దిగుతాడు. నడుస్తాడు, చూస్తాడు, మర్నాడు మళ్లీ అదే దారిన నడుస్తాడు. మొదటి రోజుల్లో వాన వల్ల ఏమీ సరిగా కనపడదు. వాన వెలిశాక కూడా ఆయనకు కనిపించేది కొంత, ఊహించుకునేది కొంత. పుస్తకమంతా ఆ రెండింటి తేడా తెలుసుకోవడమే.

1991లో కాలేజీ లైబ్రరీ కాపీ చదివినప్పుడు నాకు ఇవేవీ పట్టలేదు. నాకు పట్టింది నిశ్శబ్దం. పెద్ద బజారు పక్క సందులో ఇల్లు, పొద్దున్న మైకు, సాయంత్రం మైకు, రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే నెలరోజులు నిద్ర ఉండదు. ఆ ఇంట్లో కూర్చుని చదివేవాడికి విల్ట్‌షైర్ ఒక మఠంలా అనిపించడంలో వింత లేదు. నిశ్శబ్దం గురించి రాసిన గొప్ప పుస్తకం ఇదేనని చాలా ఏళ్లు విద్యార్థులకు చెప్పాను. ఆ మాటకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మేం ఉన్న ఊరి సంగతి క్లుప్తంగా చెప్తాను. ఒక రోడ్డు, ఒక చర్చి, ఒక పబ్బు. దుకాణం లేదు. ఎర్ర టెలిఫోను డబ్బాలో టెలిఫోను తీసేసి పాత పుస్తకాలు పెట్టారు. 2008 నుంచి అక్కడి టెలిఫోను కంపెనీ ఒక్క పౌను పుచ్చుకుని ఆ డబ్బాలను ఊళ్లకు ఇచ్చేస్తోంది. చర్చికి సొంత పాదిరి లేడు, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒకరే. ఆదివారం బస్సు లేదు. పగలు పది గంటలకి కార్లన్నీ పట్నం వెళ్లిపోయాక రోడ్డు మీద మనిషి కనబడడు. ఆ సంవత్సరం ఎండలు బాగా కాశాయి, పచ్చికంతా గోధుమరంగుకి తిరిగింది. మేం కేలండర్లలో చూసిన ఇంగ్లండు కాదది. మా ఆవిడ మొదటివారంలోనే అంది: "ఏమండీ, ఇక్కడ కాకులు కూడా అడిగి అరుస్తున్నట్టున్నాయి." ఆ కాకులు మన కాకులు కావు, రూక్‌లు. నైపాల్ పుస్తకంలో ఒక భాగానికి వాటి పేరే పెట్టాడు. 1970లలో తెగులు వచ్చి ఇంగ్లండులో ఎల్మ్ చెట్లు కోట్లలో చచ్చిపోయాయి. గూళ్లు పోయిన ఆ పక్షులు వేరే చెట్లు వెతుక్కుంటూ వచ్చి పెట్టే గోల ఆ భాగంలో వినిపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ గోల నాకు వినపడలేదు!

పుస్తకంలో మొదటి భాగం 'జాక్ తోట'. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు వచనంలో ఇంత నిజాయితీగా ఒక మనిషి తన పొరపాటుని ఒప్పుకున్న పేజీలు తక్కువ. పాడుబడ్డ కొట్టాల మధ్య జాక్ అనే పొలం పనివాడు పూలూ కూరలూ పెంచుతుంటాడు. కథకుడు అతన్ని చూసి ఈ నేలలోంచే మొలిచినవాడు, తరతరాలుగా ఇక్కడివాడు, పాత ఇంగ్లండు మిగిల్చిన మనిషి అనుకుంటాడు. తనే పరాయివాణ్ణనీ, ఇక్కడ తనొక్కడే అతకనివాడిననీ బాధపడతాడు. తర్వాత తెలుస్తుంది, జాక్ కూడా ఎక్కడినుంచో వచ్చినవాడే. ఆ తోట అనాదిగా ఉన్నది కాదు, తన చుట్టూ అన్నీ కూలుతుంటే ఒక మనిషి రోజూ పూనుకుని చేసిన పని. జాక్ పోయాక తోట పోతుంది. పాలకేంద్రం షెడ్లు లేస్తాయి, కొత్త యాజమాన్యం వస్తుంది, అదీ దెబ్బతింటుంది. శాశ్వతం అనుకున్నదంతా నిన్న మొన్న వచ్చినదే.

దీన్ని రేమండ్ విలియమ్స్ 1973లో 'ది కంట్రీ అండ్ ది సిటీ'లో విమర్శకుడిగా చెప్పాడు. ఆయనది వేల్స్ సరిహద్దులోని పల్లె, తండ్రి రైల్వేలో సిగ్నల్‌మన్. పాత పల్లె మా తరంలోనే పోయిందని ఒక పుస్తకం అంటుంది. సరే అని ముందు తరం పుస్తకం తీస్తే అదీ ఆ మాటే అంటుంది. అలా వెనక్కి పోతూ ఉంటే, కదిలే మెట్ల మీద నిలబడ్డట్టు, ఎక్కడా ఆగే చోటు ఉండదు. గోల్డ్‌స్మిత్ 1770లోనే పాడుబడ్డ పల్లె మీద కావ్యం రాశాడు మరి. విలియమ్స్ సూటిగా అడిగే ప్రశ్న ఒకటే: ఆ ప్రశాంతతకి కూలి ఎవరిచ్చారు? ఎవరు పుచ్చుకున్నారు?

మేం ఉన్న జిల్లాలోనే జవాబు ఉంది. 1830 నవంబరులో విల్ట్‌షైర్ పొలం కూలీలు గుంపులుగా వెళ్లి నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. చలికాలం నూర్పిళ్లే వాళ్లకి తిండి. వాళ్లలో చాలామందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపేశారు. నాలుగేళ్లకి పక్క జిల్లా డార్సెట్‌లో సంఘం పెట్టుకున్న ఆరుగురు కూలీలకూ అదే శిక్ష. ఆ తర్వాత ఊళ్లు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో చూడండి! మిగిలిన పని ట్రాక్టర్లు చేశాయి. యాభైమంది కోసిన చేలో ఒకడు అద్దాల గదిలో కూర్చుని తిరుగుతుంటే సద్దు ఉండదు కదా.

ఆగస్టులో మా అబ్బాయి మమ్మల్ని ఇంబర్ తీసుకెళ్లాడు. సాల్స్‌బరీ మైదానం నడిమధ్య ఉన్న ఊరు. 1943 నవంబరు 1న ఊరివాళ్లని బడిలోకి పిలిచి, అమెరికన్ సైన్యం తర్ఫీదుకి ఊరు కావాలి, 47 రోజుల్లో ఖాళీ చెయ్యమన్నారు. 150 మంది దాకా వెళ్లిపోయారు. యుద్ధం ముగిసింది గానీ ఊరు తిరిగి ఇవ్వలేదు. ఇప్పటికీ మిలిటరీదే. ఏడాదిలో కొద్దిరోజులు మాత్రం చర్చి తలుపు తీస్తారు. ఆ ఊరి కమ్మరి దాగలి మీద వాలి ఏడుస్తూ కనిపించాడనీ, కొన్ని వారాలకే పోయాడనీ అక్కడ చెప్పుకుంటారు. ఇళ్లకు కిటికీలు లేవు. గడ్డి ఏపుగా పెరిగింది. పిట్ట ఎగిరినా వినబడుతుంది. నా జన్మలో చూసిన అతి నిశ్శబ్దమైన ఊరు అదే. మైదానం మీద ఫిరంగులు పేలే రోజుల్లో మా ఇంటి కిటికీ అద్దాలు అదిరేవి. నైపాల్ పుస్తకంలో కూడా ఆ కాల్పుల శబ్దం వెనక నుంచి వస్తూనే ఉంటుంది.

ఆ వేసవే మాకు కొద్ది మైళ్ల దూరంలోని ఎమ్స్‌బరీలో విషప్రయోగం వార్త పుట్టింది. రష్యా విషం అంటిన సీసా ఒకటి తెలియక వాడి ఒక స్త్రీ జులై 8న చనిపోయింది. ఊళ్లో పోలీసులు, ఆకాశంలో హెలికాప్టర్లు. ఆగస్టు 11న నైపాల్ లండన్‌లో పోయారు. పేపరులో చదివి, ఆయన అద్దెకున్న విల్స్‌ఫర్డ్ వైపు ఆ సాయంత్రం నడుచుకుంటూ వెళ్లాను. దివాణం గోడ కనబడింది, అంతకంటే ఏమీ లేదు. తిరిగి వచ్చేశాను.

నిశ్శబ్దం కింద ఉన్న మనుషుల్ని వినాలంటే నైపాల్ చాలడు. ఇద్దరి పేర్లు చెప్తాను. జార్జ్ యూవార్ట్ ఎవాన్స్ వేల్స్‌వాడు. 1948లో భార్యకి సఫోక్‌లోని బ్లాక్స్‌హాల్ అనే పల్లెలో బడిపంతులమ్మ ఉద్యోగం దొరికితే వెంట వెళ్లాడు. ఆయనకి చెవుడు ముదురుతోంది. ఆ చెవులతోనే ఇరుగుపొరుగు ముసలివాళ్ల దగ్గర కూర్చుని, చేతికోత కాలంలో పని ఎలా సాగేదో విని 1956లో పుస్తకం వేశాడు. రెండో ఆయన రోనాల్డ్ బ్లైత్. సఫోక్‌లోనే పుట్టినవాడు, నూరేళ్లు బతికి 2023లో పోయాడు. ఆయన 'ఎకెన్‌ఫీల్డ్' 1969లో వచ్చింది. ఊరి పేరు కల్పితం, మాటలు ఊరివాళ్లవి. కమ్మరి, నర్సు, పంతులు, కాటికాపరి వరుసగా వచ్చి తమ బతుకు చెప్పుకుపోతారు. ఒక ముసలి కూలీ మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లడం గురించి చెప్తాడు: పొలం పని తప్పినందుకు సంతోషించారట, సైన్యపు తిండికి ఒళ్లు చేశారట. యుద్ధం నయం అనిపించిన ప్రశాంతత అది.

అదే పుస్తకంలో దివాణంలో పనిచేసిన తోటమాలి మాటలు నేను మరిచిపోలేను. దొరగారి కుటుంబం కంటికి మాలీలు కనబడకూడదు. వాళ్లు అరుగు మీద కూర్చుంటే వీళ్లు చుట్టుదారిన, చెట్ల చాటున పోవాలి. పూలు మాత్రం ప్రతి గదిలోనూ ఉండాలి. ఇది చదివాక నైపాల్ రాసిన దివాణం తోట వేరేగా కనిపించింది. అక్కడా పిటన్ అనే తోటమాలి ఉన్నాడు. ఖర్చు తగ్గించుకోవాలని ఒకరోజు అతన్ని తీసేస్తారు. పనితోపాటు ఇల్లూ పోతుంది, ఎందుకంటే ఇల్లు పనికి కట్టేసి ఉంది. ఆ పేజీలు నైపాల్ గొప్పగా రాశాడు. దివాణపు దొరని మాత్రం ఎక్కువ ఓర్పుతో చూశాడనిపిస్తుంది. ఆ దొర గది దాటి బయటికి రాని మనిషి, కృష్ణుడి మీదా శివుడి మీదా పద్యాలు రాసి ఈ అద్దెదారుకి పంపుతాడు. ఒకరి తాతలకి సామ్రాజ్యం సంపదనిచ్చింది, ఇంకొకరి తాతల్ని చెరకుతోటల్లోకి తోలింది. ఇద్దరూ ఒకే తోటలో, ఒకరి ముఖం ఒకరు సరిగా చూడకుండా ఉంటారు. నవలలో ఇంతకంటే పెద్ద వ్యంగ్యం లేదు, దాన్ని నైపాల్ వ్యంగ్యంగా రాయలేదు కూడా.

'ఎకెన్‌ఫీల్డ్'లో చర్చి గంటలు కొట్టేవాళ్ల మీద ఒక అధ్యాయం ఉంది. మన గుడిగంటలా కాదు, అదొక లెక్క. ఏడు గంటలుంటే వాటిని 5,040 వరసల్లో మోగించవచ్చు. ఏ వరసా రెండోసారి రాకూడదు. పూర్తిచేయడానికి మూడు గంటలు పడుతుంది. మా ఊళ్లోనూ గురువారం రాత్రుళ్లు సాధన చేసేవారు. మా ఆవిడ వాకిట్లో నిలబడి వినేది. "ఇంత సేపూ కొట్టి ఒక్క పాటైనా పూర్తిచేయరేమిటి?" అని అడిగింది. గణితం అని చెప్పాను. నమ్మలేదు.

ఇక అసలు చిక్కుకి వస్తాను. నైపాల్ పుస్తకంలో కథకుడు ఒంటరి. వండుకోవడం, తినడం, జబ్బుపడటం, నడవడం, అన్నీ ఒక్కడే. ఆ ఒంటరితనమే ఆ చూపుకి పదును. కాని నైపాల్ ఆ ఇంట్లో ఒంటరిగా లేడు. ఆయన భార్య పాట్ కూడా ఆ ఇంట్లో ఉంది. ఆమె 1996లో పోయింది. ఆమె డైరీలు చదివి పాట్రిక్ ఫ్రెంచ్ 2008లో రాసిన జీవితచరిత్రలో ఆ కాపురం సంగతి విస్తారంగా ఉంది. పుస్తకంలో మాత్రం ఆమె నీడ కూడా పడదు. నవల కదా, రచయితకి ఆ హక్కు లేదా అని అడగవచ్చు. ఉంది. ఆమెని పెట్టి ఉంటే ఇది ఇంత బాగా వచ్చేది కాదేమో అన్నా ఒప్పుకుంటాను. నన్ను ఆపినది ఇంకొకటి. ఇదే పుస్తకంలో జాక్ పోయాక అతని భార్య మాట్లాడుతుంది. మనం జాక్ తోట పోయిందని దిగులుపడుతుంటే ఆమెకి ఆ దిగులు లేదు. ఆ ఇల్లు వదిలి పట్నంలో కొత్త ఇంటికి మారడం తన జీవితంలో ఒక మెట్టు ఎక్కడమే అంటుంది. అంటే తోట అందం జాక్‌ది, చూసినవాడిది. ఆమెది కాదు. ఈ సంగతి కనిపెట్టి, రాసి, మళ్లీ తన ఇంట్లో స్త్రీని మాత్రం తుడిచేయగలిగాడు. జాక్ విషయంలో తన పొరపాటు దిద్దుకున్న మనిషి ఇక్కడ దిద్దుకోలేదు.

ఇదంతా అక్కడే, సెప్టెంబరులో, నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఎక్కించుకుంటూ ఎందుకో వెనక్కి తిప్పాను. అది నా డైరీ కూడా. మే నుంచి సెప్టెంబరు దాకా వందకి పైగా పేజీలు. వాతావరణం, నది, చర్చి రాళ్ల మీది పేర్లు, నైపాల్ మీద గమనికలు. మా ఆవిడ నాలుగుచోట్ల వచ్చింది. రెండుసార్లు మందులు మరచిపోయినందుకు, ఒకసారి కాకుల మాటకి, ఒకసారి గంటల మాటకి. జులైలో వరసగా పదకొండు రోజులు 'ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు' అని రాసుకున్నాను. ఆమె అదే ఇంట్లో ఉంది.

ఇది నా ఒక్కడి రోగమని అనుకోను. బరంపురంలోనూ, పర్లాకిమిడిలోనూ, ఇటు హోసూరు, అటు షోలాపురం వైపునా మనలో చాలామంది కథలు రాస్తాం. పట్నంలో ఉద్యోగం, ఊరు జ్ఞాపకం. ఆ జ్ఞాపకంలో ఊరు ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉంటుంది: చెరువు, మర్రిచెట్టు, అమ్మమ్మ. చుట్టూ ఒడియావాళ్లో తమిళులో కన్నడిగులో ఉన్నా కథలో ఊరంతా తెలుగే మాట్లాడుతుంది. నేనూ 1978లో అలాంటిదొకటి రాశాను, మెచ్చుకున్నారు. అందులో చెరువు గట్టు నాలుగు పేరాలుంది. ఆ గట్టు మీదే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడే నూనె గానుగ చప్పుడు లేదు. చిన్నతనంలోనే భర్తపోయి మా ఇంట్లో అందరికీ వండిపెట్టిన మేనత్త లేదు. ఆమెకి ఒడియాలో పాటలు వచ్చేవి. ఆమె కథలో ఉంటే మా ఊరు అంత ప్రశాంతంగా ఉండేది కాదు, నాకు ఆ కథ రాయడం కూడా అంత తేలికయ్యేది కాదు. నైపాల్‌ని తప్పుపట్టేముందు ఈ మాట చెప్పకపోతే బాగుండదు.

ఈ వ్యాసం చిత్తు మొన్న మా ఆవిడకి చదివి వినిపించాను. పదకొండు రోజుల దగ్గరికి వచ్చేసరికి ఆపమంది. ఆ రోజుల్లో తను పక్కింట్లో ఉండేదట. పక్కింటామె నాకు గుర్తే. ఎనభై దాటిన మనిషి, కంచె అవతల తెల్ల జుట్టు. నేను రోజూ గుడ్ మార్నింగ్ చెప్పి నడకకి పోయేవాణ్ణి. మా ఆవిడ తొమ్మిదో తరగతి చదివింది, ఒడియా బళ్లో. ఇంగ్లీషు ముక్కలుముక్కలుగా వస్తుంది. చిక్కుళ్లతో మొదలైందట. అక్కడి చిక్కుడు తీగకి ఎర్రపూలు, కాయ జానెడు పొడుగు. ఆమె బుట్టెడు ఇచ్చింది, ఈమె కొబ్బరి వేసి కూర చేసి పంపింది. తర్వాత రోజూ వెళ్లింది.

"ఆవిడ మొగుడు పాలపాకలో పనిచేసేవాడట. ఆయన పోగానే ఇల్లు వదలమన్నారట. తర్వాత సర్కారు ఇల్లు ఇచ్చింది, అదే ఇది. ఆవిడది ఈ ఊరు కాదండీ, ఎక్కడో సముద్రం పక్క. అరవై ఏళ్లయినా ఊళ్లో కొందరు ఆవిణ్ణి కొత్తామె అనే అంటారట."

ఇవన్నీ నీకెలా అర్థమయ్యాయని అడిగాను.

"చేతులూపుకుంటూ చెప్పింది. నేనూ మన ఊరు గురించి చెప్పాను. ఠాకురాణి యాత్ర చెప్పాను. పులి వేషం ఆడి చూపించాను."

హాల్లో మా ఆవిడ పులి వేషం ఆడుతుంటే అక్కడి ముసలామె నవ్విన నవ్వు, గోడకి ఇవతల నైపాల్ చదువుకుంటున్న నాకు వినపడి ఉండాలి. ఆ రోజుల పేజీలు మళ్లీ తీసి చూశాను. జులై 19న ఒక వాక్యం ఉంది: పక్కింట్లో టీవీ గట్టిగా పెట్టారు, చదువు సాగలేదు.